గెలిపించే కుర్చీ

తుఫాన్ బండి మీదికి అన్నిటికంటే ముందు కుర్చీ ఎక్కింది.

పన్నెండు మంది ఆడపిల్లల బ్యాగులు, మంచినీళ్ళ క్యాను, మోకాలి పట్టీల సంచి, ఐసు డబ్బా గద్వాల స్టేడియం గేటు ముందు మట్టిలో పడి ఉన్నాయి. కోచ్ నాగప్ప వాటివైపు చూడనైనా లేదు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని రెండు చేతులా ఎత్తి, బండి పైన నిలబడ్డ డ్రైవరుకు అందించాడు.

"పైలం! కాళ్ళు తూర్పుకుండాలె. బోర్లేస్తున్నవేంది? సక్కగ నిలబెట్టు."

"గాలికి లేస్తది సార్."

"లేవదు. లేసేటి కుర్చీ అయితే ఇన్ని మ్యాచులు గెలుస్తుంటిమా?"

డ్రైవరు దాన్ని నిలబెట్టి తాడు బిగించాడు. కుర్చీ వీపుకు మూడు పసుపు చారలు, వాటి నడుమ కుంకుమ బొట్టు. ఎడమ చేతికి ఎండిపోయిన బంతిపూల దండ. ఫంక్షన్ హాళ్ళలో వందలకొద్దీ పేర్చి ఉండే రకమే. పిల్లలు పొద్దున ఏమైనా తిన్నారో లేదో అడగని నాగప్ప, వానకు తడవకుండా ఆ కుర్చీకి గుడ్డ కవరు కుట్టించాడు.

ఆ కుర్చీలో కూర్చునేది భూలక్ష్మి. కబడ్డీలో ఆ జిల్లా జూనియర్ బాలికల జట్టుకు ఆమెలా కూతకు వెళ్ళేవాళ్ళు ఇంకొకరు లేరు. ఆ సంగతి నాగప్పకూ తెలుసు. తెలిసే కూర్చోబెట్టాడు.

ఆర్నెల్ల కిందట ఒక మ్యాచ్‌లో ఆమె చీలమండ మడతపడితే ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఐసు పెట్టారు. ఎన్నడూ గెలవని జట్టు మీద ఆ రోజు గెలిచారు. చీలమండ రెండు వారాల్లో నయమైంది. నాగప్పకు పట్టింది మాత్రం నయం కాలేదు. తర్వాత ఐదు మ్యాచ్‌లు ఆమెను అందులోనే కూర్చోబెట్టాడు. ఐదూ గెలిచారు. అంతే, ఆమె ఆట ముగిసింది.

"సార్" అంది భూలక్ష్మి, బ్యాగు పైకి విసిరి. "ఈసారన్న ఆడిపిస్తరా?"

"ఆడుతనే ఉన్నవ్ గదనే పిల్లా. నువ్వు కూసుంటున్నవ్, మనం గెలుస్తున్నం. గంతకంటె పెద్ద ఆట ఏముంటది?"

"సెలెక్షన్‌కు వచ్చే మేడం కుర్చీల ఉన్నోళ్ళ పేర్లు రాసుకోదు సార్. మ్యాట్ మీద ఉన్నోళ్ళ నంబర్లు రాసుకుంటది. జూనియర్స్‌ల నాకు ఇదే ఆఖరు సాలు, వచ్చే ఏడు వయసు దాటుతది."

నాగప్ప చటుక్కున ఆమె నోటికి అడ్డంగా అరచెయ్యి పెట్టబోయి ఆగాడు. "పొద్దుగాల పొద్దుగాల 'ఆఖరు' అంటవేందే? ఆ మాట వెనక్కి తీస్కో."

"ఎట్ల తీస్కోవాలె?"

"మూడుసార్లు ఉమ్మేయ్."

ఆమె ఉమ్మలేదు. బండెక్కింది.

పిల్లలు ఎక్కేటప్పుడు నాగప్ప తలుపు దగ్గర నిలబడి ప్రతి ఒక్కరి కుడికాలు చూశాడు. సాయిశ్రీ అనే పదిహేనేళ్ళ సబ్‌స్టిట్యూట్ ఎడమకాలు పెడితే దింపి మళ్ళీ ఎక్కించాడు. ఆయన ఒంటి మీద నీలం చొక్కా ఉంది. గెలుస్తున్నంత కాలం దాన్ని ఉతకకూడదు. ఆరు గెలుపుల చెమట అందులో ఉంది. కిటికీ పక్కన సీటు కోసం పిల్లలు కొట్టుకోవడం చుట్టుపక్కల దృశ్యాల మీద మోజుతో కాదు.

బీచుపల్లి దగ్గర బండి ఆగింది. అందరూ దిగి ఆంజనేయుడికి దండం పెట్టుకుని వచ్చారు. నాగప్ప నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించాడు. ఐదోది జేబులో వేసుకున్నాడు. ఆ దారిన పోయే ప్రతి జట్టూ అక్కడ ఆగి దండం పెట్టుకునే పోతుంది. గెలిచేది మాత్రం ఒక్కటే. ఈ లెక్క నాగప్పకు ఎన్నడూ తట్టలేదు.

చక్రాల కింద నిమ్మకాయలు చిట్లుతుంటే భూలక్ష్మికి పొద్దున ఇంట్లో జరిగింది గుర్తొచ్చి నవ్వొచ్చింది.

తెల్లారగానే తల్లి సుగుణమ్మ మగ్గం గుంటలోకి కాళ్ళు దింపింది. పేక దారం నడిపే నాడె పట్టుకోకముందు, బిగించిన పడుగు దారాల మీద అరచెయ్యి ఆనించి, ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా నెమ్మదిగా జరిపింది. ఒక్క ఊపిరికి ఒకసారి. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కానీ కుర్చీ బొట్లు చూసి చూసి భూలక్ష్మికి ఇప్పుడు అన్నీ అలాగే కనిపిస్తున్నాయి.

"నువ్వు గుడ మా సార్ లెక్కనే ఉన్నవమ్మా. మగ్గానికి దండం పెడ్తె చీర జల్ది అయితదా?"

"దండం ఎవరు వెట్టిన్రే?" సుగుణమ్మ చెయ్యి తియ్యకుండానే అంది. "ఏ పోగు వదులుందో చెయ్యికి తెలుస్తది. జర ఊపిరి గుడ నిదానమైతది. నువ్వు పో, బండి పోతది."

అందరికీ ఒక్కో కారణం ఉంటుంది. నాగప్పను అడిగితే నిమ్మకాయకూ చెబుతాడు. భూలక్ష్మి బూట్లు తొడుక్కుని వచ్చేసింది.

వనపర్తిలో, జిల్లాల మధ్య జరిగే టోర్నమెంటు మొదటి మ్యాచ్ నారాయణపేట జట్టుతో. మ్యాట్ పక్కన నిర్వాహకులు వేసిన బెంచీ ఉంది. దాని పక్కన, సరిగ్గా మూడు అడుగుల దూరంలో, నాగప్ప ఎర్ర కుర్చీ వేయించాడు. కవరు తీసి, దండ సరిచేసి, "కూసో" అన్నాడు. ఆ గొంతులో మర్యాద ఉంది. రెయిడర్‌గా ఉన్నప్పుడు ఆయన ఆమెతో ఎన్నడూ అంత మెత్తగా మాట్లాడలేదు.

"కాలు మీద కాలు ఎయ్యకు. చేతులు కట్టుకోకు. నీళ్ళు తాగాలంటె టైమవుట్‌ల తాగు."

"తుమ్మొస్తె?"

"ఆపుకో."

జట్టు కెప్టెన్ తేజస్విని మొదటి కూతకు ముందు పరుగెత్తుకుంటూ వచ్చి, రెండు వేళ్ళతో భూలక్ష్మి కుడి మోకాలిని మూడుసార్లు తట్టింది. ఆమె వెనక మిగతా ఆరుగురు. మోకాలి మీద చేతులు వానచినుకుల్లా పడ్డాయి.

"నా మోకాలి చిప్ప అరుగుతదే" అంది భూలక్ష్మి.

"అరిగితె అరగనీ. కప్పు వస్తె నీ మోకాలికి పెడ్త" అని తేజస్విని పోయింది.

చెడ్డపిల్ల కాదు. బాగా ఆడుతుంది. కానీ ఆర్నెల్లుగా తన కాళ్ళకంటే ఇంకొకరి మోకాలిని ఎక్కువ నమ్ముతోంది. ఏడు పాయింట్లు తెచ్చింది. ప్రతి పాయింటుకూ నాగప్ప ముందు కుర్చీ వైపు చూసి, తర్వాత ఆమె వైపు చూశాడు. మ్యాచ్ మూడు పాయింట్ల తేడాతో గెలిచారు.

కుర్చీలో కూర్చున్న మనిషికి చూడడం తప్ప పని లేదు. భూలక్ష్మి తన మ్యాచ్ అయ్యాక కూడా లేవలేదు. అదే మ్యాట్ మీద నాగర్‌కర్నూల్ జట్టు దిగింది. బలమైన జట్టు. ముఖ్యంగా ఎడమ మూలలో నిలబడే నాలుగో నంబరు పొడుగు పిల్ల. వచ్చినవాళ్ళ చీలమండ దొరకబుచ్చుకుంటే వదలదు. ఎనిమిది కూతల్లో ఐదుగురిని పట్టింది. ఆరోసారి భూలక్ష్మి ఒకటి కనిపెట్టింది. పట్టుకు దూకే ముందు ఆ పిల్ల ఎడమ మడమ నేల నుంచి వేలెడంత లేస్తుంది. ఏడోసారి లేచింది. ఎనిమిదోసారి లేచింది. లేచిన ఆ క్షణంలో ఆమె బరువంతా ముందుకు ఉంటుంది. అప్పుడు కాలు వెనక్కి లాగితే ఆమె గాల్లో ఉంటుంది.

"సార్, నాలుగో నంబర్‌ది మడమ లేస్తది" అని నాగప్పతో చెప్పింది.

నాగప్ప కుర్చీకి కవరు తొడుగుతున్నాడు. "నువ్వు లేస్తివి గద ఇప్పుడు, ఏ కాలు ముందు పెట్టినవ్?"

ఆయన దగ్గర ఆట గురించి మాట్లాడడం గోడతో మాట్లాడడంకన్నా హీనం. గోడ కనీసం నిమ్మకాయ అందివ్వదు.

రెండోరోజు పొద్దున కుర్చీ విరిగింది.

జట్టు ఒక బడిలో దిగింది. నాగప్ప స్నానానికి పోయాడు. మ్యాచ్ రోజు ఆయన స్నానం పదకొండు చెంబులు, ఎక్కువా తక్కువా కాదు, కాబట్టి ఎంతసేపు పడుతుందో అందరికీ తెలుసు. వరండాలో ఆరేసిన జెర్సీలు తీయడానికి సాయిశ్రీకి తీగ అందలేదు. గోడవారగా కుర్చీ కనిపించింది. ఎక్కింది. ఫట్‌మని వెనక కాలు విరిగి, పిల్ల జెర్సీలతో సహా కింద పడింది.

భూలక్ష్మి వచ్చేసరికి సాయిశ్రీ మోచెయ్యి గీరుకుపోయి నెత్తురు కారుతోంది. కానీ ఏడుపు దానికి కాదు.

"అక్కా, సార్ నన్ను సంపుతడు. జట్టుల నుంచి తీసేస్తడు. ఇంటికి పోతె మా నాయన మళ్ళ పంపడు."

"నోరు మూయ్. మోచెయ్యి కడుక్కో పో."

బడి హాల్లో మూలకు ఎర్ర కుర్చీలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. భూలక్ష్మి పైది తీసింది. ఇద్దరూ కలిసి విరిగినదాన్ని మెట్ల కిందికి నెట్టారు. దండ విప్పి కొత్తదాని ఎడమ చేతికి చుట్టారు. వంటామె దగ్గర పసుపు అడిగి తెచ్చి మూడు చారలు గీసింది భూలక్ష్మి. కుంకుమ బొట్టు కొంచెం పెద్దదైంది.

"సార్ గుర్తువడ్తె?" అడిగింది సాయిశ్రీ.

"దేవుడే గుర్తుపట్టలే. సార్ ఏం గుర్తువడ్తడు?"

నాగప్ప తల తుడుచుకుంటూ వచ్చాడు. నీలం చొక్కా తొడిగాడు. కుర్చీకి ఎదురుగా నిలబడి కళ్ళు మూసుకుని ఒక నిమిషం ఏదో గొణిగాడు. కళ్ళు తెరిచి దాని వీపు నిమిరాడు. "సూడు, ఇయ్యాల ఎట్ల మెరుస్తుందో. గెలుపు కనవడ్తుంది" అన్నాడు.

సాయిశ్రీ నోట్లో జెర్సీ కుక్కుకుంది.

ఆ రోజు సెమీఫైనల్లో వనపర్తి జట్టు మీద పదమూడు పాయింట్ల తేడాతో గెలిచారు. అంత తేడాతో గద్వాల ఎన్నడూ గెలవలేదు. మ్యాచ్ అయ్యాక నాగప్ప కుర్చీ కాళ్ళకు కొబ్బరినీళ్ళు పోశాడు. ఫంక్షన్‌కో మీటింగ్‌కో ఎవరెవరినో మోసిన ఆ కుర్చీ కొబ్బరినీళ్ళు కారుస్తూ నిలబడింది. ఆ దొంగ కుర్చీలో కూర్చుని భూలక్ష్మి కడుపులో నవ్వుకుంది. ఆర్నెల్లలో మొదటిసారి ఆమెకు అందులో హాయిగా అనిపించింది. ఆ హాయి రాత్రి భోజనం దాకే ఉంది. రేపు ఫైనల్. ఆ తర్వాత సెలెక్షన్‌కు వచ్చిన కృప మేడం లిస్టు చదువుతుంది. అందులో కుర్చీ పేరు ఉండదు.

నాగర్‌కర్నూల్‌లో ఫైనల్. ఆతిథ్య జట్టుతోనే. మైదానం చుట్టూ జనం మూడు వరసలు. సెలెక్టర్ కృప మేడం టోపీ పెట్టుకుని, స్కోరర్ బల్ల పక్కన ఒక స్టూలు మీద కూర్చుంది. ఒడిలో గీతల నోటుబుక్కు. టీ ఇస్తే పక్కన పెట్టింది, తాగలేదు.

మొదటి సగం చూడదగ్గది కాదు. నాలుగో నంబరు పిల్ల తేజస్వినిని మూడుసార్లు పట్టింది. ఔటైన ప్రతిసారీ తేజస్విని బయట కూర్చుని, మళ్ళీ లోపలికి పోయే ముందు భూలక్ష్మి మోకాలు తట్టింది. మూడుసార్లు సరిపోలేదని ఐదుసార్లు తట్టింది. పోయింది, దొరికింది.

"మడమ చూడే" అంది భూలక్ష్మి. "దూకే ముందల లేస్తది. అప్పుడు వెనక్కి గుంజుకో."

"నువ్వు జర కదలకుండ కూసో తల్లీ" అంది తేజస్విని. కళ్ళల్లో నీళ్ళు. "కదిలినవా ఏంది?"

సగం సమయానికి పంతొమ్మిది, పదకొండు. ఎనిమిది పాయింట్లు వెనక.

నాగప్ప పిల్లలకు ఒక్క మాట చెప్పలేదు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరిని మార్చాలో చెప్పలేదు. తిన్నగా కుర్చీ దగ్గరికి వచ్చాడు. నీలం చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

"కాలు మీద కాలు ఏసినవా?"

"లేదు సార్."

"తుమ్మినవా?"

"లేదు."

"మనసుల ఓడిపోతమని అనుకున్నవా? నిజం చెప్పు. ఆడనిస్తలేనని నా మీద కోపంతోని జట్టుకు శాపం వెడ్తివా?" ఆయన ఆమె ముఖం ముందు వేలు ఆడించాడు. "ఎనిమిది మ్యాచులు నిన్ను దేవతను చేసి కూసోవెట్టిన. ఇట్ల చేస్తవా? ఓడితె నీవల్లనే ఓడినట్టు. అందరి ముందర చెప్త."

భూలక్ష్మి ఆయన ముఖంలోకి చూసింది. యాభై ఏళ్ళ మనిషి. మెడలో విజిల్. జేబులో నిమ్మకాయ ఉబ్బెత్తుగా కనబడుతోంది. ఆడనివ్వలేదు. ఇప్పుడు ఆడని ఆటకు ఓటమి ఆమె నెత్తిన పెడుతున్నాడు. ఇంతదాకా ఆమెకు కోపం ఉండేది. అది ఇప్పుడు దిగిపోయింది. కాలికి పేడ అంటితే ఎవరూ పేడ మీద కోపగించుకోరు.

"సార్, ఇది మీ కుర్చీ గాదు."

"ఏందీ?"

"మీ కుర్చీ నిన్న పొద్దుగాల వనపర్తిలనే విరిగింది. నేనే ఇరగ్గొట్టిన. మెట్ల కింద ఉంది. ఇది ఆ బడి కుర్చీ. పసుపు నేనే పెట్టిన."

బెంచీ చివర సాయిశ్రీ తల వంచేసుకుంది.

నాగప్ప నోరు తెరిచి కుర్చీ వంక చూశాడు. తర్వాత దాన్ని వెనక్కి తిప్పి చూశాడు. సీటు అడుగున తెల్ల రంగుతో బడి పేరు రాసి ఉంది.

"నిన్న పదమూడు పాయింట్లతోని గెలిచింది దీంట్లనే సార్. కొబ్బరినీళ్ళు పోస్తిరి గద."

ఆ మాటకు ఏ మనిషైనా ఒక్క క్షణం ఆలోచిస్తాడు. నాగప్ప ఆలోచించలేదు. "అందుకే!" అన్నాడు. "అందుకే ఇయ్యాల ఇట్లయితుంది! లే! లే దాంట్ల నుంచి!"

ఆమె లేచింది. ఆయన కుర్చీని తన్ని పడేసి, మళ్ళీ తన్నినందుకు భయపడి, ఎత్తి దూరంగా తీసుకుపోయి బోర్లించి వచ్చాడు.

"ఇప్పుడు నేనేడ కూసోవాలె?"

"ఏడన్న పో. దాంట్ల మాత్రం కూసోకు."

తేజస్విని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీలుస్తోంది. తల ఎత్తకుండానే అంది. "మ్యాట్ మీదికి రమ్మనుండ్రి సార్. ఆడ కుర్చీ లేదు."

విజిల్ మోగింది. నాగప్ప దిక్కులు చూశాడు. ఆకాశం వైపు చూశాడు. ఏ దిక్కు నుంచీ జవాబు రాలేదు. రిఫరీ వేలు చూపి "సబ్‌స్టిట్యూషన్ ఉందా, లేదా?" అని అరిచాడు. తేజస్వినే చెయ్యి ఎత్తింది.

తొమ్మిదో నంబరు జెర్సీ ఆర్నెల్ల తర్వాత మ్యాట్ ఎక్కింది.

భూలక్ష్మి మధ్యగీత దగ్గరికి వచ్చింది. జనం, ఈలలు. ఆర్నెల్లుగా మ్యాచ్‌లో కూత పెట్టని గొంతు. ఈ గొంతుతో కూత నాలుగు అడుగులు కూడా సాగదు. ఏం చేయాలో తోచక వంగింది. మ్యాట్ ముక్కలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్న అతుకు మీద అరచెయ్యి ఆనింది. ఆ గరుకు చేతికి తగలగానే, ఎవరో చెప్పినట్టు, ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా జరిపింది. ఊపిరి దిగింది. చేతితోపాటు చూపు కూడా జరిగింది. ఏడుగురూ చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. ఎడమ మూల నుంచి కుడి మూల దాకా ఒకే వరస. అందులో ఒకచోట వదులు. నాలుగో నంబరు ఎడమ మడమ.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

మడమ లేచింది. భూలక్ష్మి కాలు వెనక్కి లాగింది. పొడుగు పిల్ల గాల్లో చేతులు చాచి బోర్లాపడింది. భూలక్ష్మి తిరిగొస్తూ ఆమె భుజాన్ని ముట్టి వచ్చేసింది. పాయింటు.

రెండో కూతకు మళ్ళీ వంగింది. మళ్ళీ చెయ్యి, చూపు. ఈసారి వదులు ఇంకోచోట. ఇద్దరిని ముట్టి వచ్చింది. మూడోది బోనస్. స్కోరు పాకుతూ వచ్చింది. ఇరవై రెండు, పదహారు. ఇరవై ఆరు, ఇరవై మూడు. తేజస్విని ఒక పట్టు పట్టింది. మోకాలు తట్టడానికి ఎవరూ లేకపోయేసరికి ఆమె కూడా ఆట ఆడడం మొదలుపెట్టింది.

ఐదో కూతకు గీత బయట నుంచి కేక వినిపించింది.

"చెయ్యి! చెయ్యి వెట్టు ముందల!"

నాగప్ప. కనిపెట్టేశాడు. గీత వెంట పరుగెత్తుతూ తన అరచేత్తో గాలిని తుడిచి చూపిస్తున్నాడు. "ఎడమ నుంచి కుడికి! గట్లనే!" బెంచీ మీది పిల్లల్ని లేపాడు. ఏడో కూతకు అందరూ చప్పట్లు కొడుతూ "చెయ్యి! చెయ్యి!" అని అరిచారు. తర్వాతి కూతకు జనంలో కూడా కొందరు అందుకున్నారు. ఒకసారి ఆమె కొంచెం తొందరగా తుడిస్తే, "సగమే అయింది! మళ్ళ తుడువు!" అని నాగప్ప నెత్తి బాదుకున్నాడు.

కుర్చీ పోయింది. ఇప్పుడు ఆయనకు భూలక్ష్మి చెయ్యి దొరికింది. రేపు దీనికి కూడా పసుపు పూస్తాడు. అమ్మ చెయ్యిని ఈ మనిషి నిమ్మకాయల సంచిలో వేసుకుంటున్నాడు.

ముప్పై, ముప్పై. అర నిమిషం కంటే తక్కువ. చివరి కూత గద్వాలది. అడ్డగీత తొక్కి ఊరికే తిరిగొచ్చినా మ్యాచ్ సమం. ఆమె తెచ్చిన పాయింట్లు అప్పటికి పదకొండు.

"చెయ్యి! చెయ్యి! చెయ్యి!"

గీత దగ్గర నిలబడి ఆమె నాగప్ప వైపు చూసింది. ఆయన రెండు చేతులూ జోడించి ఉన్నాడు. ఆమెకు కాదు, ఆమె చేతికి.

చెయ్యి వెనక్కి పెట్టుకుంది. వంగలేదు. నిటారుగా, ఆయన చూస్తుండగా, కూత పెట్టి లోపలికి నడిచింది.

ఎడమ మూలకే పోయింది. మడమ కోసం చూసింది. ఆ మడమ నాలుగో నంబరుది కాదు. అంతకుముందు ఔటైన పొడుగు పిల్ల మళ్ళీ లోపలికొచ్చి, ఈసారి కుడి మూలలో నిలబడింది. ఆ సంగతి భూలక్ష్మికి తెలిసింది వెనక నుంచి కుడి చీలమండ మీద ఐదు వేళ్ళు బిగుసుకున్నప్పుడే. మీద ఒకరు, ఇద్దరు, నలుగురు. ముఖం మ్యాట్‌కు ఆనింది. గీత మూరెడు దూరంలో ఉంది. కూత తెగిపోయింది.

ముప్పై ఒకటి, ముప్పై.

"చెయ్యి వెట్టలే!" నాగప్ప గొంతు చీరుకుపోయింది. "చూసిన్రా! చెయ్యి వెట్టలే! వెట్టి ఉంటె గెలుస్తుంటిమి!"

భూలక్ష్మి లేచి మోకాళ్ళు దులుపుకుంది. ఓటమికంటే అసహ్యమైన సంగతి ఒకటి జరిగింది. వేళ్ళు చీలమండ మీద బిగుసుకున్న ఆ క్షణంలో, నాగప్ప అరవకముందే, ఆమె లోపల కూడా అదే మాట మెదిలింది. చెయ్యి పెట్టి ఉంటే.

కృప మేడం స్టూలు మీది నుంచి లేచి వచ్చింది. నోటుబుక్కు మూసి ఉంది.

"తొమ్మిదో నంబరు, పేరేంది?"

"భూలక్ష్మి మేడం."

"ఇన్నిరోజులు ఏడున్నవ్? రెండు మ్యాచులల్ల కనవడలే."

"కుర్చీల ఉన్న మేడం."

మేడం నవ్వలేదు. "లాస్ట్ రెయిడ్‌ల ఎందుకు చూడలే? ముందుగాల వంగినప్పుడల్ల ఈ మూల నుంచి ఆ మూల దాక చూసుకుంటివి. నేను అదే రాసుకుంటున్న. ఆఖరుకు వచ్చి ఎవరి మీదనో చూపు పెట్టి లోపలికి పోయినవ్."

"అవును మేడం."

"ఎవరి మీద?"

భూలక్ష్మి కళ్ళు గీత అవతల ఉన్న నాగప్ప వైపు పోయాయి. మేడం నోటుబుక్కు తెరిచింది. "క్యాంపుకు రా. కానీ మా దగ్గర ఇట్ల చేస్తె రెండోసారి పిలువను." పేరు రాసుకుని, పక్కన ఏదో గుర్తు పెట్టుకుంది. అది మంచి గుర్తో చెడ్డదో భూలక్ష్మికి తెలియలేదు.

తిరుగు దారిలో నాగప్ప వనపర్తిలో బండి ఆపించాడు. బడికి పోయి దొంగ కుర్చీ అప్పగించి, మెట్ల కింది నుంచి మూడు కాళ్ళ కుర్చీ పట్టుకొచ్చాడు. బండి మీదికి ఎక్కించలేదు, ఒళ్ళో పెట్టుకున్నాడు. విరిగిన కాలు జేబులోంచి తొంగిచూస్తోంది. నిమ్మకాయ ఎక్కడ పోయిందో తెలియదు.

బీచుపల్లి వంతెన దగ్గరపడుతుంటే వెనక్కి తిరిగాడు.

"తీగతోని కట్టిపిస్త. గెలిసిన కుర్చీ ఇదే. భూలక్ష్మి క్యాంపుకు పోతది కాబట్టి, వచ్చే సాలు..." ఆయన కళ్ళు వరసగా పిల్లల మీద నడిచి చివర ఆగాయి. "సాయిశ్రీ, నీ జాతకం ఏందే? ఏ నెల పుట్టినవ్?"

సాయిశ్రీ మోచేతి పట్టీ సవరించుకుంది.

"నేను కూసోను సార్."

"ఎందుకు?"

"నా కాళ్ళు మంచిగనే ఉన్నయ్." ఆమె గొంతు సన్నగా ఉంది, కానీ ఆగలేదు. "ఇంకోటి సార్. దాన్ని ఇరగ్గొట్టింది అక్క గాదు. నేను. బట్టలు తీసెతందుకు ఎక్కిన."

తేజస్విని పకపకా నవ్వింది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. నాగప్ప ముందుకు తిరిగి కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు. భూలక్ష్మి ఒక్కతే నవ్వలేదు. నవ్వే హక్కు తనకు కొంచెం తగ్గినట్టు అనిపించింది.

మరుసటి రోజు పొద్దున సుగుణమ్మ మగ్గం గుంటలోకి దిగింది. భూలక్ష్మి ఎదురుగా, చీలమండకు పట్టీ కట్టుకుని కూర్చుంది. తల్లి చెయ్యి పడుగు మీద ఎడమ నుంచి కుడికి నడిచింది.

"అమ్మా, చెయ్యి వెట్టని దినం పోగు తెగుతదా?"

"ఒక్కోనాడు యాది మరుస్త. తెగదు."

"వెట్టిన దినం?"

"వెట్టిన దినం గుడ తెగుతది."

"మరెందుకు?"

సుగుణమ్మ నాడె తీసుకుంది. "వెట్టిన దినం ఏడ తెగిందో జల్ది దొరుకుతది. గంతే." కూతురి ముఖం చూసి ఆగింది. "ఏమైంది బిడ్డా?"

"ఏం లేదు. జర ఆగు."

భూలక్ష్మి ముందుకు వంగి, బిగించిన దారాల మీద అరచెయ్యి పెట్టింది. నెమ్మదిగా జరిపింది. ఎవరూ అరవలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుడి అంచు ఇంకా జానెడు దూరం ఉందనగా చెయ్యి ఆగింది.

"అమ్మా, ఈడ వదులుంది చూడు" అంది.